సైకిల్ సందేహాలు: చెన్నై దాకా తొక్కాక అండమాన్‌లో సేదతీరాలంటే

హైదరాబాద్ నుంచి చెన్నైకి సైకిల్ మీద వెళ్లే దారి గురించి గత సంచికలో రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే చోటికి తిరిగాయి. చెన్నై చేరాక అటునుంచి అటే విమానమెక్కి అండమాన్‌లో నాలుగు రోజులు ఉండి వద్దామనుకుంటున్నాం, ఎలా చేస్తే బాగుంటుందని. తొక్కడానికి నెలల తరబడి లెక్కలు వేసుకునేవాళ్లు కూడా విశ్రాంతి దగ్గరికి వచ్చేసరికి ఏ లెక్కా వేసుకోవడం లేదని ఆ ఉత్తరాలు చదివితే అర్థమైంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. డిసెంబరు చివర్లో నార్కట్‌పల్లి, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా ఐదు రోజుల్లో చెన్నై చేరాలని ప్లాన్. మర్నాడు తెల్లవారుజామునే పోర్ట్ బ్లెయిర్ విమానం. అక్కడ ఐదు రాత్రులు. ఈలోగా పోర్ట్ బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్, బారాటాంగ్ నాలుగూ చూసేయొచ్చా?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: చూసేయొచ్చు. కానీ అందులో విశ్రాంతి అన్నది ఎక్కడా ఉండదు. మీరు తొక్కేది దాదాపు 630 కిలోమీటర్లు, అంటే రోజుకి 125 చొప్పున. ఆ అలసటతో దిగాక రోజుకో జెట్టీ, రోజుకో లాడ్జి, రోజూ బ్యాగు సర్దుడు పెట్టుకుంటే ఒళ్లు కోలుకోదు. బారాటాంగ్‌ను అయితే తీసేయండి. దానికి అర్ధరాత్రి దాటాక లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరసలో నిలబడాలి. అలసిన మనిషికి అది తగిన పని కాదు.

మా సలహా: ఒక్క దీవి ఎంచుకోండి, అక్కడే మూడు రాత్రులు ఉండండి. ఇంకాస్త తొక్కాలన్న సరదా ఉన్నవాళ్లకు నీల్ మేలు. జెట్టీ నుంచి తూర్పు కొసన ఉన్న సీతాపూర్ తీరానికి ఐదు కిలోమీటర్లే, రోడ్డు చాలావరకు చదును. భరత్‌పూర్ తీరం జెట్టీ పక్కనే ఉంటుంది. హ్యావ్‌లాక్ పెద్దది, తిండికీ డైవింగ్‌కూ అక్కడే వీలెక్కువ. అయితే జెట్టీ నుంచి రాధానగర్ తీరానికి సుమారు 12 కిలోమీటర్లు, మధ్యలో అడవి, ఎత్తుపల్లాలు.

చెన్నైలో ఒక రాత్రి పూర్తిగా పడుకున్నాకే విమానం ఎక్కండి. దీవుల్లో మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, తర్వాత మూడు రాత్రులు దీవిలో, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో. ఈ చివరి రాత్రిని మాత్రం దేనికోసమూ వదులుకోవద్దు. గాలి పెరిగితే పడవలు ఆగిపోతాయి. మధ్యాహ్నం విమానం పెట్టుకుని పొద్దుట పడవనే నమ్ముకుంటే, ఒక్క పడవ రద్దవడంతో విమానం టికెట్టు కూడా పోతుంది. ఈశాన్య రుతుపవనాల తోక డిసెంబరు దాకా అండమాన్‌ను తడుపుతూనే ఉంటుంది. సెలవులు జరుపుకోగలిగితే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. బయల్దేరే ముందు అలల సూచన చూడటం మరవకండి. దాన్ని ఇచ్చేది మన ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థే. అండమాన్ సముద్రంలో అల ఎంత ఎత్తు లేస్తుందో మీ మియాపూర్‌కు కూతవేటు దూరంలోనే లెక్కగడుతున్నారు.

మరో రెండు సంగతులు. టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడొద్దు. 2018 నుంచి హ్యావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ, 2024 నుంచి పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం అనీ రాస్తున్నారు. రెండోది పొద్దు. గడియారం మనదే గానీ ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరు చివర్లో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు, ఐదున్నరకల్లా చీకటి. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూసి సైకిల్ మీద తిరిగొద్దామంటే 12 కిలోమీటర్లూ చీకట్లోనే. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఇక్కడినుంచే తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మొదటిసారి ఇంత దూరం తొక్కబోతున్నాను. శ్రీశైలం వెళ్లొచ్చినప్పుడే సీటు తగిలే చోట పుండు పడింది, చిటికెన వేలు వారం రోజులు తిమ్మిరిగా ఉంది. సముద్రపు ఉప్పునీళ్లలో మునిగితే పుండ్లు మానతాయని మా అత్తయ్యగారు అంటున్నారు. దీవిలో దిగిన రోజే ఈత కొట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, ఈసీఐఎల్

జవాబు: అత్తయ్యగారి మాట కాచి చల్లార్చిన ఉప్పునీటికైతే సరిపోతుంది. సముద్రపు నీరు వేరు. వెచ్చని సముద్రాల్లో విబ్రియో అనే బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది, తెరిచి ఉన్న పుండు దానికి దారి ఇస్తుంది. చర్మం మూసుకునే దాకా నడుము లోతు నీళ్లలోకి దిగొద్దు, మోకాళ్ల దాకా చాలు. ఒరిపిడికి చర్మం ఎర్రబడి ఉంటే రోజుకు రెండుసార్లు మామూలు సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, గాలాడేలా వదులు నూలు బట్టలు వేసుకోండి. తొక్కేటప్పటి మెత్త షార్ట్స్‌ను చెన్నైలోనే విప్పి బ్యాగులో పెట్టేయండి. గడ్డలా లేస్తే వేడినీళ్లలో ముంచిన గుడ్డతో పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు కాపడం పెట్టండి, నొక్కి చీము తీయొద్దు. చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. దీవుల్లో చిన్న ఆసుపత్రులే ఉంటాయి, పెద్దది పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రి.

చిటికెన వేలు, దాని పక్క ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కాయంటే అల్నార్ నరం నలిగిందని అర్థం. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర ఆ నరం చర్మానికి చాలా దగ్గరగా వెళుతుంది. గంటల తరబడి ఆ ముక్క మీదే ఒంటి బరువు మోపితే నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం. ఒత్తిడి పోతే రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతుంది. కాబట్టి దీవిలో హ్యాండిల్ పట్టుకోకుండా కనీసం రెండు రోజులు గడపండి. స్కూటీ అద్దెకు తీసుకున్నా అరచేతికి పడే ఒత్తిడి అదే. చొక్కా గుండీ పెట్టుకోవడం, కాగితాన్ని రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకోవడం కష్టమవుతుంటే నరాల వైద్యులకు చూపించండి. మళ్లీ రాకుండా ఉండాలంటే ఈసారి బయల్దేరే ముందే సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూసుకోండి. వాలి ఉంటే మనిషి ముందుకు జారుతూ బరువంతా చేతుల మీద వేస్తుంది.

ఇక కండరాల నొప్పి. తొక్కడం ఆపిన రోజున కాదు, రెండో మూడో రోజున అది ఎక్కువవుతుంది. దీవిలో దిగిన పూట హాయిగా ఉండి మర్నాడు మెట్లు దిగలేకపోతే భయపడొద్దు. మొదటి రోజు ఇరవై, ముప్పై నిమిషాల నడక చాలు. అదీ తడిసి గట్టిపడిన ఇసుక మీద, చెప్పులతో. పొడి ఇసుకలో కాలు దిగబడిన ప్రతిసారీ మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీ) సాగుతుంది, సైకిల్ తొక్కే కాలికి ఆ అలవాటు లేదు. పరుగు అసలే వద్దు. తీరం ఒక పక్కకు వాలి ఉంటుంది కనుక ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే దారిలో వెనక్కి రండి, లేకపోతే ఒక పక్క తుంటి పట్టేస్తుంది. రెండో రోజు పుండ్లు లేకపోతే ఛాతీ లోతు నీళ్లలో వెల్లకిలా తేలుతూ ఇరవై నిమిషాలు ఉండండి. రోజంతా ముందుకు వంగి ఉన్న మెడకూ నడుముకూ అంతకంటే మంచి మందు లేదు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. కొబ్బరిచెట్ల మధ్య కట్టిన ఊయలలో పొద్దంతా పడుకోవడం. ఐదు రోజులు సైకిల్ మీద తుంటి వంచే కూర్చున్నారు. ఊయలలోనూ తుంటి వంగే ఉంటుంది. లేచేసరికి నడుము ఇనుములా బిగుస్తుంది. ఊయల ఇరవై నిమిషాలకు మించొద్దు. ఆ తర్వాత చాప మీద బోర్లా పది నిమిషాలు పడుకోండి, తొడల ముందు భాగం, కడుపు కింద కండరాలు వాటంతటవే సాగుతాయి.

రెండు లక్షణాలకు మాత్రం ఆలస్యం చేయకూడదు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరం విపరీతంగా దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడుతోందని అనుమానించాలి. విమానం దిగాక ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

చివరగా ఎండ. ఐదు రోజుల ఎండకు మోచేతి కింద నల్లబడి ఉంటారు, చొక్కా చేతి గీత పైన తెల్లగా ఉంటుంది. తొడ మీద షార్ట్స్ గీత, మణికట్టు దగ్గర గ్లవ్స్ గీత కూడా అంతే. తీరంలో మొదట మాడేది ఆ తెల్లచర్మమే. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని క్రీము ఆ గీతల పైన మందంగా రాసి, నీళ్లలోంచి వచ్చాకా రెండేసి గంటలకూ మళ్లీ రాయాలి. పదకొండు నుంచి రెండు దాకా నీడలో ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: నేను ఏడో తరగతి. నాన్న సైకిల్ మీద చెన్నై వెళ్తారు, అమ్మా నేనూ అండమాన్‌లో కలుస్తాం. ఒడ్డున దొరికే గవ్వలు, పగడాల ముక్కలు తెచ్చుకోవచ్చా?
- ఒక విద్యార్థిని, మలక్‌పేట

జవాబు: వద్దమ్మా. పగడాలకూ కొన్ని జాతుల గవ్వలు, శంఖాలకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. విరిగి ఒడ్డుకొచ్చిన ముక్కకూ మినహాయింపు లేదు. విమానాశ్రయంలో బ్యాగు స్కానర్‌లో కనిపిస్తే తీసేసుకుంటారు, పెద్దవాళ్ల మీద కేసు కూడా పెట్టొచ్చు. ఖాళీ గవ్వ అనిపించే దాంట్లో సన్యాసి పీత కాపురం ఉంటుంది. ఆటు వేళ, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పుడు, ఒడ్డున కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా చూడు, గవ్వలు నడుస్తాయి. ఫొటో తీసుకో, బొమ్మ గీసుకో.

ప్రశ్న: సైకిల్‌ను అండమాన్‌కు తీసుకెళ్లాలా, చెన్నై నుంచి ఇంటికి పంపేయాలా? తీసుకెళ్తే విమానానికి ఎలా ప్యాక్ చేయాలి? టైర్లలో గాలి ఉంటే పేలతాయట, నిజమేనా?
- ఒక పాఠకుడు, నల్లగండ్ల

జవాబు: విశ్రాంతికే వెళ్తుంటే పంపేయండి. హైదరాబాద్ రైలు ఏ స్టేషన్ నుంచి బయల్దేరుతుందో ఆ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఇవ్వాలి. హ్యాండిల్‌కు, ఫ్రేముకు, వెనక చక్రానికి మూడు చోట్లా పేరు, ఫోను నంబరు, చేరాల్సిన స్టేషను రాసిన అట్టముక్కలు కట్టండి. ఒకటి ఊడినా రెండు మిగులుతాయి. సీసా, పంపు, లైట్లు, మీటరు విప్పి మీ బ్యాగులో వేసుకోండి. రైల్లో వెనక డెరైలర్ (గేర్లు మార్చే భాగం) వంగడం మామూలు. చైన్‌ను వెనక పెద్ద పళ్లచక్రం మీదా ముందు చిన్నదాని మీదా పెడితే డెరైలర్ లోపలికి ముడుచుకుని దెబ్బలు తప్పించుకుంటుంది.

విమానంలోనే తీసుకెళ్లాలంటే ముందురోజు చెన్నైలో ఏదైనా సైకిల్ షాపులో ఖాళీ అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. ఇక్కడినుంచి ఎగిరేవాళ్లకు కోఠి ఇసామియా బజార్ షాపుల్లో దొరుకుతుంది. పని ఒకటిన్నర గంట పడుతుంది, ఆదరాబాదరా చేయొద్దు. మొదట సీటు రాడ్డు మీద ఫ్రేము అంచు దగ్గర టేపు చుట్టండి, మళ్లీ బిగించేటప్పుడు ఎత్తు కొలవక్కర్లేదు. తర్వాత పెడళ్లు. కుడి పెడల్ మామూలుగానే ఎడమవైపు తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి, కుడివైపు తిప్పాలి. అటు తిప్పాల్సింది ఇటు తిప్పి బలమంతా పెట్టి మరలు అరగదీసుకునేవాళ్లు ఎక్కువ. 15 మిల్లీమీటర్ల స్పానర్ గానీ, కొన్నిటికి 8 మిల్లీమీటర్ల అలెన్ కీ గానీ కావాలి. ముందు చక్రం తీసి, ఫోర్కు కాళ్ల మధ్య పాత హబ్ దిమ్మెనో చెక్కముక్కనో అడ్డం పెట్టండి. అది లేకపోతే పెట్టె మీద ఏదైనా పడ్డప్పుడు ఫోర్కు లోపలికి నొక్కుకుపోతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మందపాటి అట్ట మడిచి పెట్టాలి. చక్రం లేకుండా బ్రేకు పొరపాటున నొక్కుకుంటే పిస్టన్లు బయటికొచ్చి మళ్లీ చక్రం దూరదు. వెనక డెరైలర్‌ను 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో విప్పి, గుడ్డలో చుట్టి, ఫ్రేము లోపలికి కట్టేయండి. హ్యాండిల్ విప్పి పై గొట్టానికి ఆనించి కట్టండి. వైర్లు మడతపడకూడదు.

గాలి సంగతి: విమానంలో సామాన్ల అరకూ గాలి ఒత్తిడి ఉంటుంది. అది సుమారు 8,000 అడుగుల ఎత్తున ఉండేదానికి సమానం. నేల మీది ఒత్తిడితో పోలిస్తే తేడా మూడు, నాలుగు పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మాత్రమే. 80 పీఎస్‌ఐ టైరు 84 దగ్గర ఆగుతుంది, పేలదు. అయినా విమాన సంస్థలు గాలి తీయమంటాయి, తీయండి. పూర్తిగా కాదు. 25 పీఎస్‌ఐ దాకా ఉంచితే పెట్టె కింద పడ్డా రిమ్ముకు మెత్తగా అడ్డు ఉంటుంది. లిథియం బ్యాటరీలున్న లైట్లు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే పెట్టాలి. గాలికోసం వాడే కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు ఇంట్లోనే వదిలేసి చేతి పంపు తీసుకెళ్లండి. టికెట్టు తీసేటప్పుడే సైకిల్ ఉందని చెప్పి బరువు లెక్క తేల్చుకోవాలి. దీవుల మధ్య పడవలకూ ఈ మాట వర్తిస్తుంది. అన్ని పడవలూ సైకిల్ ఎక్కించుకోవు, ముందే అడగండి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద సైకిల్ తొక్కితే తుప్పు పడుతుందా? నీళ్లు పోసి కడిగితే సరిపోదా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పడుతుంది. ఒక్క రాత్రి చాలు, తెల్లారేసరికి చైన్ పలకల మీద నారింజరంగు పొడి కనిపిస్తుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది తేమను లాక్కుని తానే ద్రవమవుతుంది. అండమాన్ తీరంలో రాత్రిళ్లు తేమ ఆ గీత పైనే ఉంటుంది. అందుకే మధ్యాహ్నం పొడిగా ఆరిందనుకున్న చైన్ రాత్రికి మళ్లీ చెమరుస్తుంది. హైదరాబాద్ అలవాటుతో తుడిచి వదిలేస్తే కుదరదు, ఉప్పును మంచినీళ్లతో కరిగించి పంపేయాల్సిందే.

రెండు బకెట్ల మంచినీళ్లు, మగ్గు, పాత గుడ్డ చాలు. పైనుంచి మెల్లగా పోయండి. సర్వీసింగ్ సెంటర్లలో బైకులు కడిగే పైపు ఒత్తిడి వద్దు, అది ఇసుకను హబ్‌లలోకీ పెడళ్ల మధ్య బేరింగ్‌లోకీ తోస్తుంది. కడిగాక సైకిల్‌ను రెండు అంగుళాలు ఎత్తి రెండుసార్లు నేలకు తట్టి, తర్వాత సీటు రాడ్డు తీసి తలకిందులుగా పెట్టండి. ఫ్రేములో చేరిన నీళ్లు కారిపోతాయి. చైన్‌ను గుడ్డలో పట్టి వెనక్కి తిప్పుతూ పొడిగా తుడిచి, ఒక్కో కీలు మీద ఒక్కో చుక్క నూనె వేయండి. వానకాలానికని అమ్మే చిక్కటి నూనె వాడండి. పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయండి, లేకపోతే ఇసుక అంటుకుని పళ్లను అరగదీస్తుంది. కొబ్బరినూనె వేయొద్దు, చలికి గడ్డకడుతుంది.

మరో ప్రమాదం కంటికి కనిపించదు. అల్యూమినియం ఫ్రేములో ఇనుప బోల్టులు, వాటి మధ్య ఉప్పునీళ్లు చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం తెల్లగా పొడిలా తినేసుకుపోతుంది. సీటు రాడ్డు కదలనంతగా బిగుసుకుపోతుంది. బయల్దేరే ముందు సీటు రాడ్డుకూ సీసా స్టాండు బోల్టులకూ పెడళ్ల మరలకూ గ్రీజు రాసుకోవడం ఐదు నిమిషాల పని. ఫ్రేము గానీ రాడ్డు గానీ కార్బన్‌దైతే మాత్రం మామూలు గ్రీజు కాకుండా కార్బన్ పేస్టు రాయాలి. ఒడ్డున తొక్కాలనే ఉంటే అద్దె సైకిల్ మీదా చేయొద్దు, అది కూడా ఎవరి బతుకుతెరువో.

ప్రశ్న: పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా అండమాన్ ట్రంక్ రోడ్డు మీద తొక్కి, చివర్లో అక్కడే సేదతీరితే?
- ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: మంచి ఆలోచన, అయితే మొత్తం తొక్కలేరు. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్ల రోడ్డు జారవా అనే ఆదివాసీ తెగ రిజర్వు గుండా పోతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో పోలీసు కాపలాతో వరసగా వెళ్లాలి, మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. సైకిల్ మీద వెళ్లనివ్వరు, అది న్యాయం కూడా. ఆ మనుషులు మనం చూసి రావడానికి ఉన్న వింత కాదు. బయటి జబ్బులు వాళ్లకు ప్రాణాంతకం. సైకిల్‌ను బస్సు మీద వేసుకుని రంగత్‌లో దిగండి. అక్కడినుంచి మాయాబందర్ సుమారు 70 కిలోమీటర్లు, మాయాబందర్ నుంచి డిగ్లీపూర్ సుమారు 80. రెండు రోజులు హాయిగా సరిపోతాయి. మన దగ్గరలాగా చెమట ఆరదు, అందుకే ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకే వెలుతురు వస్తుంది కనుక పదిలోపు ముగించండి. డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరం, ఎదురుగా 732 మీటర్ల శాడిల్ పీక్, పడవలో వెళ్తే రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుక బాట ఉన్నాయి. ఆ బాట నీళ్లు తీసినప్పుడే పూర్తిగా తేలుతుంది.

నీళ్ల వేళలు అందరికీ పనికొచ్చేవే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ దగ్గరి రాతి వంతెన చూడాలంటే ఆటు వేళే వెళ్లాలి. హ్యావ్‌లాక్‌లోని విజయ్‌నగర్ తీరంలో ఈతకు పోటు వేళే వెళ్లాలి, మిగతా సమయంలో మోకాలి లోతులో రాళ్లు తగులుతాయి. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసే చోట మొసళ్ల హెచ్చరిక బోర్డుంటే అక్కడ దిగనే దిగొద్దు. అండమాన్ ఉప్పునీటి మొసళ్లకు నెలవు.

ప్రశ్న: హ్యావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ ఏ రోజు పెట్టుకోవాలి?
- ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: మధ్య రోజున. తొక్కడం ముగించిన మర్నాడే వద్దు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే రక్తంలో కరిగిన నత్రజని సరిగా బయటికి పోక బుడగలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. విమానానికి ముందు రోజూ వద్దు. ఒక్కసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకుమించి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యుల సూచన. మేం 24 గంటలు అంటాం. శిక్షణ లేనివాళ్లను 12 మీటర్ల కంటే లోతుకు తీసుకెళ్లకూడదు. ఎవరైనా తీసుకెళ్తామంటే వేరే చోటు చూసుకోండి. డైవ్ చేసిన రోజు రాధానగర్ ఎత్తులు సైకిల్ మీద ఎక్కొద్దు, గట్టి శ్రమ కూడా బుడగలను రేపుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి పోటు ఉంటే ఫారంలో దాచకుండా రాయండి.

ప్రశ్న: కొబ్బరినీళ్లు తాగితే ఓఆర్‌ఎస్ అక్కర్లేదంటారు. నిజమా? అక్కడ శాకాహారం దొరుకుతుందా?
- ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండానికి చిటికెడు ఉప్పు కలుపుకోండి, లేదా భోజనంలో పెరుగు, ఊరగాయ ఉంటే సరిపోతుంది. బాగా నీరసించినప్పుడు మాత్రం లీటరుకు 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ పొట్లమే సరైనది. కొలత తెలియాలంటే చివరి రోజు తొక్కకముందు, తొక్కాక బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర చొప్పున ఆ సాయంత్రం నుంచి మర్నాటిదాకా కొద్దికొద్దిగా తాగాలి.

శాకాహారం దొరుకుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు, తమిళులు చాలామందే ఉన్నారు, ఇడ్లీ, దోశలకు లోటుండదు. ఆకలి మొదటి రెండు రోజులూ ఎక్కువగానే ఉంటుంది, తొక్కడం లేదని కడుపు మాడ్చుకోవద్దు. ఒక్కో పూటకు 20 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూడండి. మూడు గుడ్లలో గానీ, వంద గ్రాముల చేపలో గానీ, వంద గ్రాముల పనీర్‌లో గానీ ఇంచుమించు అంత ఉంటుంది. ఉత్త పప్పన్నంతో అది నిండదు.

ప్రశ్న: తిరిగొచ్చాక ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, నార్సింగి

జవాబు: పుండ్లు మాని, వేళ్ల తిమ్మిరి పోయి, మెట్లు నొప్పి లేకుండా దిగగలిగితే వెంటనే. మొదటి వారం ఔటర్ పక్కన మీ నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న 14.5 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కండి. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం చాలు. అనంతగిరి ఎత్తులు ఆ తర్వాత.

ప్రశ్న: నీల్‌లో అద్దె సైకిళ్లు ఎలా ఉంటాయి? తీసుకునే ముందు ఏం చూడాలి?
- ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: ఉప్పుగాలికి తుప్పు పట్టినవే ఎక్కువ ఉంటాయి, ఓపిగ్గా ఏరుకోండి. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి సైకిల్ ముందుకు తోయండి, చక్రం ఆగాలి. లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా వెళ్తే అది వద్దు. బ్రేకు వైరు చివర ఒక్క పోగు తెగి ఉన్నా మార్చమనండి, తుప్పు పట్టిన వైరు గట్టిగా నొక్కిన క్షణంలోనే తెగుతుంది. చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము ఒక పక్కకు ఊగకూడదు. సీటు మీద కూర్చుని మడమను కింది పెడల్ మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి. సీటు కదలడం లేదంటే రాడ్డు తుప్పుకు పట్టేసినట్టే, మీ ఎత్తుకు సరిపోయే మరో సైకిల్ అడగండి. గతుకుల మీద బరువు మోయాలి కాబట్టి టైరును బొటనవేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే దిగాలి. తాళం, తాళంచెవి పనిచేస్తున్నాయో అక్కడే తీసి చూడండి. ఆ దీవిలో ఏటీఎంలను నమ్ముకోలేం కనుక అద్దెకు సరిపడా చిల్లర పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి.